దయచేసి పడమటి గేటు వైపు నడవండి

దర్జీని చంపేశారు. కుట్టుమిషను ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకు వాలిపోయాడనీ, సూది కింద గుడ్డ సగం కుట్టుతో అలాగే ఉందనీ, మెడ వెనక చిన్న గాయం తప్ప షాపులో దారపుండ కూడా చెదరలేదనీ పెద్దాయన చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆయన కాంపౌండర్ నోట్లోకి టార్చిలైటు వేసి చూస్తూనే ఉన్నాడు.

వాళ్లు కలుసుకున్న డెంటల్ క్లినిక్‌లో నిజంగానే పళ్లు పీకుతారు. ముందు హాల్లో బుగ్గలు వాచిన పేషెంట్లు వరసగా కూర్చుని ఉంటారు. లోపలి గదిలో కుర్చీ మీద పడుకున్నవాడికి మాత్రం పళ్ల జబ్బేమీ ఉండదు. వాడికి చెప్పాల్సింది చెప్పి, ఓ మందుచీటీ చేతిలో పెట్టి పంపిస్తారు. పెద్దాయన ఇంటెలిజెన్స్ విభాగానికి అధిపతి. అన్నేళ్లు తెల్లకోటు వేసుకుని అక్కడే కూర్చున్నందుకు, ఇప్పుడు ఎవరు నవ్వినా ఆయనకి ముందు పళ్లు కనిపిస్తాయి, తర్వాతే మనిషి.

ఇక కాంపౌండర్ కాంపౌండరేమీ కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో సరిహద్దు ఊళ్లో కొన్నాళ్లు ఆ వేషం కట్టాడు. వేషం తీసేసినా పేరు మాత్రం జిడ్డులా పట్టుకుంది. ఇంట్లోవాళ్ల లెక్కలో అతను ప్రభుత్వ మందుల గోడౌన్‌లో స్టోర్ కీపర్.

“దర్జీ మన సోర్సే కదా సార్,” అన్నాడు, నోట్లోంచి చిన్న అద్దం తీసేశాక.

“మన సోర్సే. వడ్రంగుల మనుషులు తన షాపుకి వచ్చి పెద్ద ఆర్డరు ఇచ్చారని కబురు పెట్టాడు. మనవాడు వెళ్లేసరికే ఆలస్యమైపోయింది.”

వడ్రంగులంటే సరిహద్దు అవతలి నుంచి నడిచే ముఠా. వాళ్ల మొదటి బాంబు ఒక కోర్టు తలుపు చట్రంలో దొరికింది కాబట్టి డిపార్ట్‌మెంట్ వాళ్లకి ఆ పేరు పెట్టింది. వాళ్లు ఏదీ బయటినుంచి మోసుకొచ్చి పెట్టరు. ఉన్నదాని లోపలే దూరుస్తారు.

“ఏం కుడుతున్నాడు?”

“చొక్కాలు. తోటమాలులు వేసుకుంటారే, జేబు మీద ఆకుబొమ్మ ఉన్నవి, అవి. అందులో పెద్ద విశేషమేం లేదులే. ఆ గొడవ వదిలెయ్.” పెద్దాయన టార్చిలైటు ఆపేశాడు. “సీతాకోక నుంచి మెసేజ్ వచ్చింది. ఈ సాయంత్రం. పెద్ద రైల్వే స్టేషన్. హాలు సీలింగులో పెట్టారట. సరిగ్గా ఎక్కడ పెట్టారో ఎదురుగా చెబుతానంటోంది. అదీ నీకొక్కడికే.”

సీతాకోకచిలుక డబుల్ ఏజెంట్. రెండు దేశాల ఫ్యాషన్ పత్రికల మీదా ఆమె మొహమే ఉంటుంది. అటువాళ్ల జీతం తీసుకుంటూ ఇటువాళ్లకి పనిచేస్తోందని డిపార్ట్‌మెంట్ నమ్మకం. అటువాళ్ల నమ్మకం ఏమిటో ఎవరూ కనుక్కోలేదు.

“ఆమె మాట నమ్మొచ్చా సార్?”

“ఇప్పటిదాకా ఇచ్చినవన్నీ నిజమే కదయ్యా.”

“ఇప్పటిదాకా ఇచ్చినవన్నీ చిన్నవే సార్.”

పెద్దాయన డ్రాయరులోంచి ఒక చొక్కా బొత్తాం తీసిచ్చాడు. అందులో ట్రాన్స్‌మిటర్ ఉంది. కాంపౌండర్ చెప్పేది కంట్రోల్ రూముకి వినిపిస్తుంది, కంట్రోల్ రూము చెప్పేది అతనికి వినపడదు. కిందివాడు చెబుతుంటే పైవాడు వినడం కోసం డిపార్ట్‌మెంట్ తయారుచేయించిన వస్తువు బహుశా అదొక్కటే.

“ఆమె చోటు చెప్పగానే మేం సైరన్ వేసేస్తాం. హాలు ఖాళీ అవుతుంది. బాంబ్ స్క్వాడ్ లోపలికి వెళ్తుంది,” అని పెద్దాయన కాస్త ఆగి, “మీ వదిన ఈవేళ డ్యూటీలో ఉందా?” అని అడిగాడు.

“ఉంది సార్.”

“ఆమెకి ఒక్క ముక్క చెప్పకు. ఆమె గొంతు వణికితే హాలంతా వణుకుతుంది.”

కాంపౌండర్ తలూపాడు. వదిన ఆ స్టేషన్‌లో అనౌన్సర్. హాలు మొత్తం ఖాళీ అయ్యేదాకా అనౌన్సర్ క్యాబిన్ వదిలి కదలకూడదన్నది రూలు. ఆ రూలు ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

*

అతని అన్న మూడేళ్ల కింద ఆ స్టేషన్‌లోనే పోయాడు.

వదిన డ్యూటీ దిగే వేళకి ఇంటికి తీసుకెళ్దామని వచ్చి హాల్లో బెంచీ మీద కూర్చున్నాడు. అంతలో ఎవరో ఫోన్ చేసి హాల్లో బాంబు ఉందన్నారు. పైవాళ్లు ఖాళీ చేయించమన్నారు. వదిన మైకు అందుకుని, కంగారు లేకుండా, తొణక్కుండా, అందర్నీ పడమటి గేటు వైపు నడవమంది. ఇంట్లో ఆమె మాట ఎలా వినేవాడో అక్కడా అన్న అలాగే విన్నాడు. బాంబు పడమటి గేటు దగ్గరే పేలింది.

కమిటీ వేశారు. వడ్రంగుల మనిషి బాంబు సంచితో హాల్లోకి వస్తూ గేటు దగ్గర ఎదురొచ్చిన జనంలో ఇరుక్కుపోయాడనీ, అది అక్కడే పేలిందనీ కమిటీ తేల్చింది. తప్పంతా గేటు ఇరుకు మీదకి నెట్టేశారు. మనం చెప్పిన మాటే జనాన్ని బాంబు దగ్గరికి నడిపించిందేమో అన్న ప్రశ్న అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. కాంపౌండర్‌కీ రాలేదు. అడిగితే దానికి సమాధానం వదిన మొహంలోకి చూస్తూ చెప్పాల్సి వస్తుంది.

అందుకని గేటు వెడల్పు చేశారు. బయట పెద్ద పచ్చిక మైదానం తయారుచేశారు. సైరన్ మోగితే జనమంతా అక్కడ చేరాలి. కార్లు దూసుకురాకుండా దాని చుట్టూ సిమెంటు పూలతొట్లు వరసగా దింపారు, ఒక్కొక్కటి నీళ్ల ట్యాంకంత.

వాటర్ కూలర్ మెకానిక్ వేషంలో, చేతిలో పనిముట్ల పెట్టెతో కాంపౌండర్ స్టేషన్‌లో అడుగుపెట్టేసరికి సాయంత్రం రద్దీ మొదలైంది. పెట్టె మూడు చోట్ల విప్పి చూపించాడు. ఒకచోట సెక్యూరిటీ గార్డు స్పానర్ వాసన కూడా చూశాడు.

జనం బాగానే ఉన్నట్టు కనిపిస్తారు. టీ తాగుతారు, టికెట్ల కోసం గొణుక్కుంటారు. కానీ హాల్లో ఎవరి చేతిలోంచో స్టీలు డబ్బా జారి ఖణేల్‌మని పడేసరికి అంత పెద్ద హాలూ ఒక్కసారి నోరు మూసుకుంది. పిల్లలు కూడా కదల్లేదు. డబ్బా దొర్లి దొర్లి ఆగాక, దాని తాలూకు మనిషి సిగ్గుపడుతూ ఏరుకున్నాక, మళ్లీ మాటలు మొదలయ్యాయి. బాంబు ఒకసారే పేలుతుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇలా డబ్బాలే పేలుతుంటాయనిపించింది అతనికి.

అనౌన్సర్ క్యాబిన్ హాలు మధ్యలో నాలుగు మెట్ల మీద ఉంటుంది, చుట్టూ మందపాటి అద్దాలు. వదిన అద్దం వెనకనుంచి చూసి తలుపు తీసింది.

“మీ మందుల గోడౌన్‌లో కూలర్లు కూడా బాగుచేస్తున్నారా అబ్బాయ్?”

“స్టాఫ్ తక్కువ వదినా. అన్నీ మేమే చేసుకోవాలి.”

“ఊఁ.” ఆమె అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. చాలా ఏళ్లుగా ఆమెకి అన్నీ తెలుసు. తెలిసినట్టు అతనికీ తెలుసు. గోడౌన్ గురించి మాత్రం ఇద్దరూ మర్యాదగా మాట్లాడుకుంటారు. “నువ్వొచ్చావంటే ఇవాళ డ్రిల్లా?”

“నాకెవరు చెబుతారు వదినా?”

“డ్రిల్లయితే ముందే చెప్పు. దూది పెట్టుకుంటాను.”

అతను తల తిప్పుకున్నాడు. డ్రిల్లు రోజున హాల్లో మోగే టేపు ఆమె గొంతే. కొత్తగా రికార్డు చేసింది కూడా కాదు. ఆ రోజు ఆమె మైకులో చెప్పిన మాటలు యంత్రంలో రికార్డయి ఉంటే, కమిటీ వాళ్లు విని, ఇంత నిదానంగా, ఇంత స్పష్టంగా ఇంకెవరూ చెప్పలేరని మెచ్చుకుని వాటినే శాశ్వతంగా పెట్టేశారు. కంట్రోల్ రూములో మీట నొక్కితే సైరన్‌తో పాటు అది దానంతటదే మొదలవుతుంది. మొగుణ్ని గేటు దాకా నడిపించిన తన మాటలు తనే వింటూ ఆమె ఈ అద్దాల మధ్య కూర్చోవాలి.

“ఉద్యోగం మానెయ్యమంటే వినవు కదా వదినా,” అన్నాడు.

“మానేస్తే? టేపు ఉంటుంది, నేనుండను. ఆయన విన్న గొంతు అలా దిక్కులేకుండా తిరుగుతుంటుంది. నేనుంటే కనీసం రైళ్ల పేర్లయినా చెబుతుంది.”

అతను పెట్టె ఎత్తుకుని మెట్లు దిగాడు.

*

ఫస్ట్‌క్లాస్ వెయిటింగ్ రూము పై అంతస్తులో ఉంది. ఒక పక్క కిటికీలోంచి హాలు కనిపిస్తుంది, ఇంకో పక్క కిటికీలోంచి పడమటి మైదానం. సీతాకోకచిలుక మైదానం వైపు కిటికీ దగ్గర కాఫీ ముందు పెట్టుకుని కూర్చుంది. లేత ఊదారంగు చీర, చెవులకి ముత్యాలు. ఆమె కూర్చోబట్టి ఆ పాత కుర్చీ కూడా ఖరీదైనదానిలా కనిపిస్తోంది. ఆ గదిలో ఆమె తప్ప ఎవరూ లేరు.

కాంపౌండర్ మూలనున్న కూలర్ మూత విప్పుతూ, “ఇక్కడ నీళ్లు చల్లగా వస్తున్నాయా మేడమ్?” అన్నాడు.

“నాకు వేడినీళ్లే అలవాటు,” అందామె. కోడ్ సరిపోయింది. “ఇంకో కాఫీ చెప్పనా? మీ వేషానికి కాఫీ ఇప్పించొచ్చా?”

“మెకానిక్‌లు కూడా తాగుతారు మేడమ్. ఎక్కడ పెట్టారు?”

“తొందరెందుకు? హాల్లో పెద్ద గడియారం ఉంది చూశారా, దానికి సరిగ్గా పైన. సీలింగు పలకల వెనక. రద్దీ బాగా పెరిగాక పేలుస్తారు. జనాన్ని వెంటనే బయటికి పంపించెయ్యండి.” బొత్తాంలో ట్రాన్స్‌మిటర్ ఉందని ఆమెకెవరూ చెప్పలేదు. అయినా ఆ చివరి మాట మాత్రం విడమరిచి, కాస్త గట్టిగా చెప్పింది.

గడియారం ఈ గది గోడకి అవతలి పక్కనే ఉంది. దాని పైనున్న సీలింగు పలకలే ఈ గది నెత్తిమీదకీ వచ్చాయి. కాంపౌండర్ చేతిలోంచి స్పానర్ జారింది. దాన్ని తీసుకోడానికి వంగాడు.

టేబుల్ కింద ఆమె హైహీల్స్ విప్పేసి ఉన్నాయి. ఒకటి నిలబడి ఉంది, ఒకటి పక్కకి ఒరిగింది. ఆమె కాలి వేళ్లు హాయిగా ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి.

వంగినవాడు అలాగే ఒక క్షణం ఉండిపోయాడు. బాంబు సంగతులు తెలిసినవాళ్లని అతను చాలామందిని చూశాడు. వాళ్లు కుర్చీ అంచున కూర్చుంటారు. మాట్లాడుతున్నా కళ్లు తలుపు మీదే ఉంటాయి. నెత్తిమీద బాంబు ఉందని నమ్మే మనిషి చెప్పులు విప్పుకుని రెండో కాఫీ తాగదు.

“ఇక్కడ గోడలకి చెవులుంటాయి,” అన్నాడు లేచి. “బయట మైదానంలో నడుస్తూ మాట్లాడుకుందాం రండి. అక్కడైతే మనకీ క్షేమం.”

ఆమె చెయ్యి కప్పు మీద ఆగిపోయింది. “ఎండ కదా,” అంది.

బయట మబ్బు పట్టి ఉంది. అతను కిటికీలోంచి మైదానం వైపు చూశాడు. సిమెంటు తొట్లు వరసగా ఉన్నాయి. పెట్టిన రోజు మంత్రిగారు ఒక చెంబుడు నీళ్లు పోశాడు, ఆ తర్వాత వాటి మొహం చూసినవాడు లేడు. అన్నిట్లోనూ ఎండిన పుల్లలే. గేటుకి ఎదురుగా ఉన్న వరసలో మాత్రం తొట్ల నిండా కొత్త పూలు, తడి మట్టి. తోటమాలి చొక్కా వేసుకున్నవాణ్ని ఎవరూ ఆపి అడగరు. దర్జీ ఆ చొక్కాలు కుట్టి చచ్చాడు.

అతనికి అంతా ఒక్కసారిగా కళ్లకి కట్టింది. హాల్లో ఏమీ లేదు. మూడేళ్ల కింద కూడా సంచి మోసుకొచ్చినవాడు ఎవడూ లేడు. వాళ్లకి జనం గుంపుగా ఒక్కచోట కావాలి, ఆ గుంపుని పోగుచేసి అప్పగించే పని మనమే చేస్తాం. పోయినసారి ఇరుకుగా ఉందని ఈసారి మైదానం కూడా కట్టిచ్చాం.

“సార్, సైరన్ వెయ్యొద్దు,” అన్నాడు బొత్తాం నోటికి దగ్గరగా లాక్కుని. “ఆమె చెప్పింది అబద్ధం. బాంబు పడమటి మైదానంలో, పూలతొట్లలో ఉంది. జనాన్ని బయటికి పంపొద్దు. వినిపిస్తోందా సార్?”

వినిపించిందో లేదో తెలియదు. ఆ పరికరం అందుకే కదా చేశారు. సీతాకోకచిలుక అతని వైపే చూస్తోంది. ఆమె మొహంలో భయం లేదు, జాలి లాంటిదేదో ఉంది.

“మీవాళ్లు విన్నా ఆపరు,” అంది నెమ్మదిగా. “హాల్లో బాంబు ఉందని విన్నాక హాలు ఖాళీ చేయించకుండా ఉండే ధైర్యం ఏ ఆఫీసరుకీ ఉండదు. మీ దేశం గురించి మాకు బాగా తెలిసింది అదొక్కటే.”

సైరన్ మోగింది.

దాని వెనకే వదిన గొంతు, మూడేళ్ల కిందటిది, తేటగా, నిదానంగా హాలంతా పరుచుకుంది. “ప్రయాణికులకు విజ్ఞప్తి. భద్రతా కారణాల వల్ల హాలు ఖాళీ చేయిస్తున్నాం. దయచేసి పడమటి గేటు వైపు నడవండి. పరుగెత్తకండి.”

ఆమెని అక్కడ కట్టిపడేసే వ్యవధి లేదు. కాంపౌండర్ మెట్ల మీదకి దూకాడు.

*

జనం లేచారు. డ్రిల్లు అలవాటైన జనం, మూటలు వదిలేసి, పిల్లల చేతులు పట్టుకుని, చెప్పిన మాట చెప్పినట్టు వింటూ పడమటికి తిరిగారు. పోలీసులు దారి చూపిస్తున్నారు. అతను వాళ్లకి అడ్డంగా ఈదుతున్నట్టు వెళ్లాడు. “ఆగండి, బయట బాంబుంది,” అని అరిచాడు. మెకానిక్ చొక్కా వేసుకున్నవాడి మాట ఎవరు వింటారు? ఒక పోలీసు అతన్నే గేటు వైపు నెట్టాడు.

క్యాబిన్ తలుపు భుజంతో తోసుకుని లోపల పడ్డాడు. వదిన రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చుని ఉంది.

“వదినా, అది డ్రిల్లు కాదు. బాంబు మైదానంలో ఉంది. వాళ్లని బయటికి వెళ్లనివ్వకు. మైకు తీసుకో.”

ఆమె చేతులు దించింది. “పైవాళ్ల ఆర్డరా?”

“కాదు. నా మాట.”

“హాల్లో లేదని నీకు ఖాయంగా తెలుసా?”

తెలుసనాలి. కానీ తెలియదు. ఒక మనిషి చెప్పులు విప్పుకుందన్న సాక్ష్యం మీద ఇంతమంది ప్రాణాలు ఆపమంటున్నాడు. తప్పయితే హాలు కూలి వీళ్లందరూ పోతారు, వదినతో సహా. ఆ పాపం కూడా మళ్లీ ఆమె గొంతు మీదే పడుతుంది.

“నమ్ముతున్నాను వదినా. అంతకన్నా చెప్పలేను.”

అద్దం అవతల జనం గేటు దాటడం మొదలైంది. ఆమె ఒక్కసారి వాళ్ల వైపు చూసింది.

“పైవాళ్ల ఆర్డరయితే చచ్చినా చెప్పేదాన్ని కాదు,” అంది, మైకు దగ్గరికి లాక్కుంటూ. “జరుగు.”

టేపు ఆపే మీట కంట్రోల్ రూములో ఉంది. ఆమె చెయ్యగలిగిందల్లా దాని మీద మాట్లాడటమే.

“అందరూ వినండి. ఇది టేపు కాదు. టేపులో ఉన్న గొంతు నాదే. దాని మాట వినకండి. ఎక్కడివాళ్లు అక్కడే ఆగండి.”

జనం తలలెత్తారు. ఒకే మనిషి ఒకే నోటితో రెండు మాటలు చెబుతోంది. “దయచేసి పడమటి గేటు వైపు నడవండి,” అంది మూడేళ్ల కిందటి వదిన.

“నడవకండి,” అంది ఇప్పటి వదిన. గొంతు వణికింది. ఆమె దాన్ని దాచుకోలేదు. “మూడేళ్ల కింద ఆ మాట చెప్పింది నేనే. ఆ రోజు మా ఆయన ఈ హాల్లో గడియారం కింద బెంచీ మీద కూర్చుని ఉన్నారు. నా మాట విని లేచి ఆ గేటు వైపు వెళ్లారు. మళ్లీ రాలేదు. మీలో కూడా కొందరి మనుషులు ఆ రోజు నా మాట వినే వెళ్లారు. ఇవాళ కూడా ప్రమాదం అక్కడే ఉంది. పోలీసు బాబులూ, తలుపులు మూసెయ్యండి. బయటికి వెళ్లినవాళ్లు లోపలికి వచ్చెయ్యండి. ఉన్నచోటే నేల మీద కూర్చోండి. నేనూ మీతోనే ఉన్నాను, కదలడం లేదు.”

ముందు ఎవరూ కూర్చోలేదు. తర్వాత గేటు దగ్గర చంకలో బిడ్డతో ఉన్న ఒకావిడ నేల మీద కూలబడింది. ఆమె వెనకవాళ్లు కూర్చున్నారు. అలా వరస వెంట వరస, హాలు హాలంతా కిందికి దిగింది. టేపు మాత్రం నిలబడి ఎవరికోసమో చెబుతూనే ఉంది.

కాంపౌండర్ అప్పటికే గేటు వైపు పరుగు తీస్తున్నాడు. బయటికి పోయినవాళ్లు గబగబా వెనక్కి వస్తున్నారు. ఒక్క ముసలాయన మాత్రం కొత్త పూలతొట్టి అంచు మీద కూర్చుని తాపీగా బూటులో రాయి దులుపుకుంటున్నాడు. చెవుడు కాబోలు, సైరన్‌కీ వదినకీ దేనికీ తల తిప్పలేదు.

“తాతా,” అని అరిస్తే లాభం లేదు. కాంపౌండర్ వెళ్లి ఆయన్ని అమాంతం భుజాన వేసుకున్నాడు. ఆయన బూటుతో అతని వీపు మీద బాదుతూ దొంగ, దొంగ అని కేకలు పెట్టాడు. తిరిగి పరుగెత్తుతూ కాంపౌండర్ తలెత్తి చూస్తే పైన కిటికీలో ఊదారంగు చీర కనిపించింది. చేతిలో చిన్న పౌడరు డబ్బా తెరిచి ఉంది. ఆమె అందులో మొహం చూసుకోవడం లేదు. మైదానంలోకి, అతని వైపే చూస్తోంది.

జనం దక్కకపోతే ఏజెంటైనా దక్కాలనుకుంది కాబోలు. అతను గేటు స్తంభం వెనక ముసలాయన మీద బోర్లా పడటం, ఆమె వేలు డబ్బా మీద పడటం ఒక్కసారే జరిగాయి.

*

మట్టి, సిమెంటు పెళ్లలు, పూల రెక్కలు చాలాసేపు కురిశాయి. మైదానం నడుమ నల్లటి గొయ్యి మిగిలింది. లోపల మూసిన తలుపుల వెనక, నేల మీద కూర్చున్న జనంలో ఒక్కడికి కూడా గీత పడలేదు. ముసలాయన లేచి, దుమ్ము దులుపుకుని, నా రెండో బూటేదీ అని అడిగాడు.

నొక్కుతూనే గోడ చాటుకి తప్పుకున్నా సీతాకోకచిలుక ఎక్కడికీ పోలేకపోయింది. పైగది కిటికీ అద్దాలన్నీ పగిలి గది నిండా పరుచుకున్నాయి. ఆమె చెప్పులు టేబుల్ కింద అవతలెక్కడో ఉన్నాయి. అంత అందమైన మనిషీ ఉత్తి కాళ్లతో, అడుగు తీసి అడుగు వెయ్యలేక, పోలీసులు వచ్చేదాకా ఉన్నచోటే నిలబడి ఉంది.

పెద్దాయన తెల్లకోటు విప్పడం మర్చిపోయి అలాగే వచ్చాడు. గొయ్యి చూశాడు. హాలు సీలింగు విప్పి చూసిన స్క్వాడ్ మనుషులు అక్కడేమీ లేదని చెబితే విన్నాడు.

“నీ మాట మాకు వినపడిందయ్యా,” అన్నాడు చివరికి. “మీట మీద చెయ్యి వేసినవాణ్ని నేనే. వినపడ్డాకే నొక్కాను. ఏదయినా జరిగితే రూలు ప్రకారమే జరిగిందని అనిపించుకోవాలని.”

కాంపౌండర్ క్యాబిన్ వైపు నడిచాడు.

క్యాబిన్‌లో వదిన మంచినీళ్లు తాగుతోంది. గ్లాసు పళ్లకి తగిలి టకటకమంటోంది. అతను తలుపు దగ్గరే నిలబడిపోయాడు. సంచి మోసినవాడు, ఇరుకు గేటు, కమిటీ, ఆ కథ ఇక ఎవరికీ చెప్పలేరు.

“అంటే ఆ రోజు కూడా ఇంతేనన్నమాట,” అంది ఆమె.

“వదినా, అది నీ తప్పు కాదు. ఆర్డరు...”

“తెలుసబ్బాయ్. మూడేళ్లుగా నాకు తెలుసు. మీకందరికీ ఇవాళ తెలిసింది, అంతే తేడా.” ఆమె గ్లాసు కింద పెట్టింది. కళ్లు తుడుచుకోలేదు. “మీరంతా ఆ సంచి కథ చెబుతుంటే తలూపేదాన్ని. నన్ను బతికించడానికే చెబుతున్నారని. కానీ ఒక్కరైనా నిజం చెబితే ఆయన్ని తలుచుకుని ఏడుద్దామని ఉండేది. అబద్ధం మీద ఏడుపు రాలేదు.”

అతను ఆమె కాళ్ల దగ్గర మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె అతని తల మీద మట్టి దులిపింది, చిన్నప్పుడు ఆడుకుని వస్తే దులిపినట్టే. ఇద్దరూ ఏడ్చారు. అద్దాల అవతల హాలంతా చూస్తోందన్న సంగతి ఇద్దరికీ పట్టలేదు.

పెద్దాయన మెట్ల కింద నిలబడి గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, ఆ టేపు తీయించేస్తాం. మీరు కొత్తది ఒకటి రికార్డు చేసిస్తే...”

“చెయ్యను,” అంది వదిన. “ఇకమీదట ప్రమాదం వస్తే ఎవరో ఒకరు కళ్లతో చూసి, అప్పుడు నోరు విప్పాలి. దానికి టేపు వద్దు.”

పెద్దాయన తలూపాడు. రాసుకోలేదు. ఆయన వెళ్లాక ఆమె మొహం కడుక్కుని వచ్చి కుర్చీలో సర్దుకుంది. బయట సిగ్నల్ దగ్గర ఒక రైలు ఎప్పటినుంచో నిలబడి కూత వేస్తోంది. హాల్లో జనం ఇంకా నేల మీదే ఉన్నారు. లేవమని ఎవరూ చెప్పలేదు, ఆమె చెబితే తప్ప లేచేలా కూడా లేరు. కాంపౌండర్ పనిముట్ల పెట్టె కోసం లేచాడు.

ఆమె మైకు దగ్గరికి లాక్కుంది. గొంతు కొంచెం బొంగురుపోయింది. “ప్రయాణికులకు విజ్ఞప్తి. అందరూ లేవొచ్చు. రావలసిన రైలు ఇవాళ బాగా ఆలస్యంగా వస్తోంది. అంతరాయానికి చింతిస్తున్నాం.”

హాల్లో ఎవరో మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. రైలు ఆలస్యమని చెప్పినందుకు చప్పట్లు కొట్టిన జనాన్ని రైల్వేవాళ్లు ఆ రోజే చూశారు, మళ్లీ చూడబోరు కూడా.